కుడి బ్రేకు, ఎడమ బ్రేకు

ముందు హెల్మెట్ కొనండి. సైకిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కొండ మీంచి సైకిల్‌తో దిగే పందేలకు కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. నేను సినిమాల్లో ఫైట్ మాస్టర్ దగ్గర పనిచేశానని, ఒకప్పుడు ఆరుగురిని ఆ దిగుడికి తయారు చేశానని ఎవరో చెప్పారట. ఏ సైకిల్ మంచిది, ఎన్ని గేర్లుండాలి అని అడుగుతారు. గేర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. పడితే ఏం విరుగుతుందో మాత్రం తెలుసు. ఒకమ్మాయి కాలర్ బోన్ విరగడానికి కారణం నేనే. అది దాచిపెట్టి మీకు సలహాలు చెబుతూ కూర్చోవడం నావల్ల కావడం లేదు.

మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాద్ చేరుతున్న రోజుల్లో మా మాస్టర్ వెంట నేనూ వచ్చాను. దెబ్బలు ఎలా పడాలో ఆయన చెప్పేవారు. అవి నిజంగా తగలకుండా చూడటం నా ఉద్యోగం. తాళ్లు, పరుపులు, అట్టపెట్టెలు, మోకాళ్లకు కట్టే స్పాంజి ముక్కలు, అన్నీ ఫిల్మ్ నగర్‌లో ఆఫీసు వెనక రేకుల షెడ్డులో ఉండేవి. ఆ షెడ్డు తాళం నా మొలతాడుకే ఉండేది. ఫలానా సామాను తెచ్చారా అని ఎవరైనా అడిగితే, చూడకుండానే "ఉందండీ" అనడం నాకు అలవాటు. నిజంగానే ఉండేది కూడా. ఆ అలవాటే నా కొంప ముంచింది.

తొంభైల్లో ఒక కాలేజీ సినిమా ఒప్పుకున్నాం. అందులో హీరోయిన్ కొండ మీంచి సైకిల్ పందెంలో ఐదుగురు అబ్బాయిలను ఓడించాలి. అబ్బాయిలుగా మా ఫైటర్లే ఐదుగురు. హీరోయిన్‌కు డూప్‌గా ఒక డాన్సర్ దొరికింది. ఏలూరు దగ్గరి పల్లెటూరు అమ్మాయి, ఇరవై రెండేళ్లుంటాయి. ఇంకో ఇద్దరు డాన్సర్లతో కలిసి మధురానగర్‌లో అద్దెగదిలో ఉండేది.

"సైకిల్ వచ్చా?" అని అడిగాను.

"వచ్చన్నయ్యా. ఏడేళ్లు బడికి కాలవగట్టు మీదే తొక్కాను. పడితే నీళ్లల్లోనే పడేదాన్ని."

"ఇక్కడ నీళ్లుండవమ్మా. బండలే."

"అయితే పడనులెండి," అంది.

సైకిళ్లు చూసుకోవడానికి బోరబండ నుంచి ఒక మెకానిక్‌ను పిలిచాను. యాభై దాటిన మనిషి. అందరూ ఉస్తాద్ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. షూటింగు జరగబోయే గుట్ట ఫిల్మ్ నగర్ వెనకాల, జూబ్లీహిల్స్ వైపు ఉండేది. సీతాఫలం పొదలు, కంకర, కాలు పెడితే జారే సన్న ఇసుక, సగం దారిలో ఏనుగు వీపులాంటి ఒక పెద్ద బండ. ఉస్తాద్ పైకెక్కి కిందికి చూసి నవ్వాడు.

"గీడికెల్లి సైకిల్ మీద దిగుతరా? మీ సినిమోళ్లకు జర దిమాక్ ఖరాబైనట్టుంది తమ్మీ."

"దిగాలి ఉస్తాద్. మూడు వారాలే టైముంది."

ఆ గుట్టంతా ఇళ్ల ప్లాట్లుగా కోసేశారు. మూడో వారం శుక్రవారం సాయంత్రం దాకా మాకు వాడుకోనిస్తామని, శనివారం నుంచి బండలు పేలుస్తామని ప్లాట్లవాళ్లు ఖరాఖండిగా చెప్పారు. పక్క గుట్ట మీద అప్పటికే పేలుళ్లు జరుగుతుండేవి. ఎర్ర జెండా ఊపేవాళ్లు, ఈల వేసేవాళ్లు, కాసేపటికి కాళ్ల కింద నేల అదిరేది. ఆ మూడు వారాలూ ఒక చోట కుదురుగా కూర్చుని తిన్నది గుర్తులేదు.

అప్పట్లో ఈ ఆటకంటూ సామాను అమ్మే దుకాణం ఊళ్లో లేదు. గేర్ల సైకిళ్లే కొత్త. మోటారు సైకిల్‌వాళ్లు పెట్టుకునే, గడ్డం దగ్గర అడ్డకమ్మీ ఉండే హెల్మెట్లు ఆరు తెచ్చాను. బరువుగా ఉండేవి, మెడలు నొప్పి పుట్టేవి. అయినా అవే పెట్టించి మొదటి వారమంతా చదును నేల మీద తొక్కించాను. మోకాళ్లకు, మోచేతులకు నేనే కాన్వాసు గుడ్డలో స్పాంజి పెట్టి కుట్టాను. మొదటిరోజే అన్నీ చీలమండల దాకా జారిపోయాయి. ఫైటర్లు పడీపడీ నవ్వారు. పైనొకటి కిందొకటి ఎలాస్టిక్ పట్టీలు వేసి మళ్లీ కుట్టాను. కళ్లకు లేత్ మిషన్ దగ్గర పనిచేసేవాళ్ల అద్దాలు, చేతులకు తోలు గ్లోవ్స్. బూట్లు మాత్రం మామూలు కాన్వాసువే, అడుగు రబ్బరుది, చదునుగా ఉండేది. తోలు అడుగైతే పెడల్ మీద జారుతుంది. లేసు కొసలు బూటు లోపలికి దోపించేవాణ్ణి. ప్యాంటు కుడికాలు చైన్‌లో పడకుండా గుడ్డతో కట్టించేవాణ్ణి. ఇవన్నీ ఇవాళ మీకు దుకాణంలో అందంగా దొరుకుతాయి. దొరికినవాటిని వేసుకుని ఒక పూట ఊరికే నడవండి, వంగండి, కూర్చోండి. జారేది అప్పుడే జారిపోనివ్వండి.

తొక్కడం నేర్పింది ఉస్తాదే. ముందు సైకిళ్లన్నిటి సీట్లూ దించేశాడు. టైర్లలో గాలి కొంత తీసేశాడు. తర్వాత ఆరుగురినీ సైకిళ్లు లేకుండా గుట్ట మీంచి నడిపించాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. ఏ రాయి కదులుతుందో, ఏది కదలదో కాలితో తన్ని చూపించాడు. ఆ తర్వాతే సైకిల్ ముట్టనిచ్చాడు.

"సీటు మీద కూసోవద్దు. పెడల్స్ మీద నిలబడు. నడుం ఎనకకు పెట్టు. చక్రం దిక్కు సూడకు, పోయే తొవ్వ దిక్కు సూడు."

మన సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. దిగుతున్నప్పుడు ముందు చక్రం ఒక్కసారిగా ఆగితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపోతాడు. అందుకని ఉస్తాద్ వాళ్లకు ఒకే పాఠం రోజూ చెప్పేవాడు.

"ఎడమ చెయ్యి నీ దోస్తు. భయమైతే దాన్నే పట్టు. కుడి చేతిని ఊకెనే అట్ల ముట్టుకో, గంతే."

ఆ అమ్మాయి గొణుక్కుంటూ దిగేది, "ఎడమ దోస్తు, ఎడమ దోస్తు" అని. మూడో వారానికి ఆమెకు ఆలోచించే పని లేకుండా పోయింది. బండ దగ్గరకు రాగానే ఎడమచెయ్యి తనంతట తానే బిగుసుకునేది. డాన్సర్ కదా, ఒంటికి ఒకసారి పట్టిన అడుగు మరిచిపోదు.

షూటింగుకు మూడు రోజుల ముందు డైరెక్టర్ గారు రిహార్సల్ చూడటానికి వచ్చారు. హెల్మెట్ చూసి మొహం చిట్లించారు.

"ఏవయ్యా, ఈ బిందె ఏంటి? మొహం కనిపించకపోతే దిగేది ఎవరో జనానికి ఎలా తెలుస్తుంది? జుట్టు ఎగరాలి. తీసెయ్యండి."

మాస్టర్ నా వైపు చూశారు. డైరెక్టర్ ముందు నేనెప్పుడూ కాదన్నవాణ్ణి కాదు. చైన్‌కు నూనె వేస్తున్న ఉస్తాద్ తల ఎత్తకుండానే అన్నాడు.

"మొకం ఎట్లనో ఈ పిల్లదే గద సార్. మీ హీరోయిన్‌ది కాదు గద. కనవడకుంటేనే మంచిది గద?"

డైరెక్టర్ గారు పకపకా నవ్వేశారు. జుట్టు హెల్మెట్ కిందనుంచి వదిలితే వెనక ఎగురుతుందని నేను అప్పుడు ధైర్యం చేసి చెప్పాను. అలా హెల్మెట్ నిలిచింది. నిలబెట్టింది ఉస్తాద్.

బుధవారం సాయంత్రం రెండు అట్టపెట్టెలు వచ్చాయి. ప్రొడ్యూసర్ గారు విదేశం నుంచి తెప్పించిన సైకిళ్లు. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. హీరోయిన్ సైకిల్ ప్రత్యేకంగా ఉండాలని ఎరుపుది డూప్‌కు ఇవ్వమన్నారు, రెండోది అదనంగా ఉంచమన్నారు. ఉస్తాద్ ఆ తేలిక చూసి, వెల్డింగు చూసి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తాడు. బ్రేకు తీగలు కంపెనీవాళ్లే హ్యాండిల్‌కు కట్టి పంపారు. చక్రాలు బిగించి, బ్రేకులు సరిచేసి వెళ్తూ నాతో చెప్పాడు.

"కొత్త గుర్రం తమ్మీ. రేపు పొద్దుగాల గుట్టకు ముందు పిల్లతోని సాపు జాగల పది చక్కర్లు కొట్టియ్. మర్చిపోకు."

"కొట్టిస్తాను ఉస్తాద్."

గురువారం ఉదయం రెండు కెమెరాలు ఒకటి పైన, ఒకటి కింద పెట్టారు. పది దాటితే ఎండ నిలువునా పడి లోతు కనిపించదని కెమెరామన్ ఒకటే తొందర. అమ్మాయి మేకప్ నుంచి వచ్చేసరికే ఆలస్యమైంది. నేను ఎరుపు సైకిల్ పట్టుకుని చదును నేల వైపు నడిపిస్తుంటే మైకులో కేక, "ఫైట్ అసిస్టెంట్! ఎక్కడికయ్యా? షాట్ రెడీ!" సైకిల్ వెనక్కి తిప్పాను. టైర్లు నొక్కి చూశాను. రెండు బ్రేకులూ నొక్కి చూశాను, రెండూ గట్టిగానే పట్టాయి. హెల్మెట్ పట్టీ కిందికి రెండు వేళ్లు పెట్టి చూశాను. మోకాలి కట్లు లాగి చూశాను. అన్నీ చూశాను.

ఉస్తాద్ గబగబా వచ్చాడు. "సాపు జాగల తిప్పి చూసిన్రా?"

"ఆ, చూశాం ఉస్తాద్."

అది అబద్ధమని ఆ క్షణంలో నాకు అనిపించలేదు. ఎప్పుడూ అనే మాటే నోట్లోంచి వచ్చింది. ఆయన తలూపి పక్కకు జరిగాడు.

అమ్మాయి పైనుంచి దిగడం మొదలుపెట్టింది. మొదటి యాభై అడుగులు ఎంత బాగా వచ్చిందంటే కింద యూనిట్టంతా చప్పట్లు కొట్టబోయింది. బండ దగ్గరకొచ్చింది. నేర్చుకున్నట్టే నడుం వెనక్కి పెట్టింది, నేర్చుకున్నట్టే ఎడమచెయ్యి బిగించింది. ముందు చక్రం మేకు కొట్టినట్టు ఆగిపోయింది. సైకిల్ వెనకభాగం లేచి ఆమెను ముందుకు విసిరేసింది. ఎడమ భుజం బండకు కొట్టుకుంది, ఆ తర్వాత గడ్డం. ఆ హెల్మెట్ చప్పుడు ఇప్పటికీ కుక్కర్ మూత కింద పడ్డా నాకు వినిపిస్తుంది.

నేను ఎలా పరిగెత్తానో తెలీదు. హెల్మెట్ అడ్డకమ్మీ అడ్డంగా చీలిపోయింది. లోపల మొహం మీద గీత కూడా లేదు. భుజం మాత్రం కిందికి వేలాడుతోంది. "పట్టుకున్నానన్నయ్యా, దోస్తునే పట్టుకున్నాను," అంటోంది. నొప్పికి ఏదో మాట్లాడుతోందనుకున్నాను. స్టూడియో వ్యాన్‌లో ఆసుపత్రికి పంపాం.

ఇక నింద ఎవరిమీదో పడాలి కదా. ప్రొడక్షన్ మేనేజర్ ఉస్తాద్ మీద విరుచుకుపడ్డాడు.

"సైకిల్ రిక్షాలు బాగుచేసేవాడి చేతికి ఫారిన్ సైకిల్ ఇస్తే ఇంతే! బ్రేకు పట్టేసింది. నడు ఇక్కణ్ణుంచి."

ఉస్తాద్ నా మొహం వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత పానాల సంచి భుజాన వేసుకుని గుట్ట దిగి వెళ్లిపోయాడు. నేను ఆసుపత్రి పని ఉన్నవాడిలా అటు తిరిగాను.

మధ్యాహ్నం షెడ్డులో ఆ ఎరుపు సైకిల్‌ను తలకిందులు చేసి నిలబెట్టాను. ముందు చక్రం తిప్పి, కుడి బ్రేకు నొక్కాను. చక్రం తిరుగుతూనే ఉంది. వెనక చక్రం తిప్పి నొక్కాను, అది ఆగింది. మళ్లీ ముందు చక్రం తిప్పి ఎడమది నొక్కాను. టక్కున ఆగింది. ఆ దేశంలో ముందు బ్రేకు ఎడమచేతికి పెడతారట. బ్రేకులు రెండూ పనిచేస్తున్నాయా అని పొద్దున నేను చూశాను. ఏది దేనిదో చూడలేదు. చదును నేల మీద ఒక్క చక్కర్ కొట్టించి ఉంటే ఆ అమ్మాయికే తెలిసిపోయేది.

అప్పుడే వెళ్లి చెప్పి ఉంటే ఈ కథ చిన్నదయ్యేది. చెప్పలేదు. శుక్రవారం ఒక ఫైటర్‌కు విగ్గు పెట్టి అదే సైకిల్ మీద దింపాలని నిర్ణయించారు. నేను షెడ్డు తలుపు మూసుకుని రెండు తీగలూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు మార్చి బిగించాను. అరగంట పని. శుక్రవారం ఫైటర్ హాయిగా దిగాడు. డైరెక్టర్ గారు నా భుజం తట్టి, "చూశావా, మనవాళ్లు చూసుకుంటే బ్రేకు ఎందుకు పట్టేస్తుంది?" అన్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను.

శనివారం పొద్దున గుట్ట మీద మొదటి పేలుడు వినిపించే వేళకు మధురానగర్‌లో ఆమె గది ముందున్నాను. మెడనుంచి పట్టీ కట్టి చెయ్యి ఛాతీకి ఆనించి ఉంది. గదిలో ఉండే ఇంకో డాన్సర్ ఆమెకు అన్నం కలిపి పెడుతోంది.

"ఆరు వారాలు కదపొద్దన్నారన్నయ్యా," అంది. "ఉస్తాద్‌ని పంపేశారటగా? పాపం ఆయన్నేమీ అనొద్దని చెప్పండి. నేనే కంగారులో కుడిది నొక్కేసుంటాను. రెండు రోజుల్నుంచి కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ దిగి చూసుకుంటున్నాను. ఎడమదే నొక్కినట్టు గుర్తు. కానీ అలా అయ్యుండదు కదా?"

గడప మీద కూర్చుండిపోయాను.

"ఎడమదే నొక్కావమ్మా. నువ్వు సరిగ్గానే నొక్కావు," అని మొత్తం చెప్పేశాను. తీగలు మార్చిన సంగతితో సహా.

ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. "అయితే నాకు వచ్చన్నమాట," అంది. తర్వాత ఇంకో మాట అంది. "మీరు వెళ్లండన్నయ్యా. నాకు కాదు, ఉస్తాద్‌ని పంపేసినవాళ్లకు చెప్పండి."

ముందు మాస్టర్ దగ్గరకు వెళ్లాను. విని, తిట్టలేదు. "చూడకుండా చూశానన్నావు, సరే. తొందరలో ఎవడైనా అంటాడు. మరి రెండు రోజులు ఎక్కడున్నావ్?" అని అడిగారు. షెడ్డు తాళం బల్ల మీద పెట్టమన్నారు. చాలా నెలల పాటు నన్ను ఏ పనికీ పిలవలేదు.

అక్కణ్ణుంచి బోరబండ. ఉస్తాద్ దుకాణం ముందు ఒక పాత సైకిల్ తలకిందులుగా ఉంది. ఆయన బ్రేకు బిగించి, విప్పి, మళ్లీ బిగిస్తున్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నాడు.

"ఏ బ్రేకు ఏ చేతికుందో నేను గూడ చూడలే. గది నా తప్పే," అన్నాడు చివరికి. "కానీ తిప్పి చూసిన్రా అని అడిగితే చూసినమన్నవ్."

"అన్నాను ఉస్తాద్. మాస్టర్‌కు చెప్పేశాను. మేనేజర్‌కు కూడా ఆయన చెబుతారు."

"చెప్పినవ్, మంచిదే. కానీ ముప్పై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న. ఈ రెండు దినాలు నా చేతులను నేనే నమ్మలే తమ్మీ. పొద్దుగాల సంది ఈ ఒక్క బ్రేకే బిగిస్తున్న, చూడు. గా నమ్మకం నాకెవలిస్తరు మల్ల?"

టీ ఇవ్వలేదు. కూర్చోమనలేదు. నేను వచ్చేశాను.

మూడు నెలల తర్వాత ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. అప్పటికి మళ్లీ పాటల్లో ఆడుతోంది.

"ఆ దిగుడు సగంలో ఆగిపోయిందన్నయ్యా. కాళ్లు ఊరుకోవడం లేదు. ఒక్కసారి కిందిదాకా దిగాలి. ఆదివారం ఉస్తాద్ వస్తానన్నాడు. మీరూ రండి."

"నేనొస్తే ఆయన..."

"రమ్మని ఆయనే అన్నాడు."

మా గుట్ట అప్పటికి సగం లేదు. బోరబండ అవతల ఇంకో గుట్ట ఉంటే అక్కడికి వెళ్లాం. ఉస్తాద్ తన దుకాణంలో తయారుచేసిన సైకిల్ తెచ్చాడు. ముగ్గురం రెండుసార్లు ఆ దారి నడిచి దిగి, ఎక్కాం. ఆమె హెల్మెట్ చేతిలోకి తీసుకుంది. ఉస్తాద్ అది ఆమె చేతిలోంచి తీసుకుని నా చేతిలో పెట్టాడు.

"ముందు నువ్వు దిగు తమ్మీ."

నిజం చెప్పేస్తున్నాను. ఆరుగురికి మూడు వారాలు అన్నీ కట్టిన నేను, ఒక్కసారి కూడా సైకిల్ మీద ఆ దిగుడు దిగలేదు. దిగాలన్న ఆలోచనే రాలేదు. ఆమె మోకాలి కట్లు నాకు కట్టింది. ఉస్తాద్ సైకిల్ పట్టుకుని, "ఎడమది ఎనకది. కుడిది ముందటిది. నువ్వే నొక్కి చూస్కో, నా మాట నమ్మకు," అన్నాడు. చదునులో పది చక్కర్లు కొట్టించాడు. లెక్కపెట్టి మరీ.

దిగాను. అంచు దాటగానే నేల కిందికి లాగేసుకున్నట్టనిపించింది. హెల్మెట్‌లో నా ఊపిరి నాకే పెద్దగా వినిపిస్తోంది. చక్రం వైపు చూడొద్దని నూరుసార్లు విన్న నేను చక్రం వైపే చూశాను. ఎడమచెయ్యి బిగించాను, వెనక చక్రం జారింది, సీతాఫలం పొదలో ఒక కాలు గీసుకుపోయింది, ఎలాగో నిలిచాను. కింద చదునుకు చేరి ఆగేసరికి చేతులు హ్యాండిల్‌ను వదలడం లేదు. ఒక్కొక్క వేలూ విడదీసుకోవలసి వచ్చింది. ఇంత భయంలో ఆ అమ్మాయి నా ఒక్క మాట మీద దిగింది.

"ఎలా ఉందన్నయ్యా?" అని పైనుంచి అరిచింది.

సైకిల్ భుజానికెత్తుకుని పైకి నడవడం మొదలుపెట్టాను. కంకర జారుతోంది. సగం దారిలో ఉస్తాద్ ఎదురు దిగి వచ్చాడు. వెనక చక్రం తన భుజం మీదికి తీసుకున్నాడు. ఇద్దరం ఆ సైకిల్‌ను ఆమె దగ్గరకు మోసుకుంటూ పోయాం.